అమెరికా కమ్యూనిటీ కాలేజీలో జపనీస్: దరఖాస్తు నుంచి నాలుగో కోర్సు దాకా

క్లాసులు మొదలై మూడో వారం. టీచరు బోర్డు మీద ఒక కుటుంబం బొమ్మ గీశారు. జపనీస్‌లో "బ్రదర్" అనడానికి ఒక్క మాట సరిపోదనీ, మనకన్నా పెద్దవాడికి ఒక మాట, చిన్నవాడికి ఇంకో మాట ఉంటుందనీ, అక్కచెల్లెళ్ళకూ అంతేననీ చెప్పారు. క్లాసంతా ఉసూరుమంది. నాకేమో నవ్వొచ్చింది. ఆ మాటలు "అని", "ఒతోతొ", "అనె", "ఇమోతొ". అంటే అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. అంతే కదా! నోట్సులో అప్పటిదాకా రాసుకున్న ఇంగ్లీషు అర్థాలు కొట్టేసి పక్కన తెలుగు రాసుకున్నాను. నా చదువు గాడిన పడింది ఆ రోజే.

కమ్యూనిటీ కాలేజీలో జపనీస్ చదవాలనుకునే తెలుగువాళ్ళకు నేను చెప్పేవి ముఖ్యంగా రెండు. కాగితాల పని మొదటి కోర్సు వరకే చూసుకుని ఊరుకోకండి, నాలుగు కోర్సులకూ ముందే చూసుకోండి. క్లాసులో పాఠం ఇంగ్లీషులో చెప్పినా, మీరు తెలుగులో వినండి. మిగతాదంతా ఈ రెండిటి వివరమే.

మొదటి అడుగు: నాలుగు కోర్సులూ నిజంగా నడుస్తున్నాయా?

కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ కాలేజీ. హైస్కూలు పూర్తిచేసినవాళ్ళకు ప్రవేశ పరీక్ష అంటూ ఉండదు, వయసు పట్టింపూ లేదు. మా క్లాసులో పదిహేడేళ్ళ పిల్ల నుంచి రిటైరైన ఇంజినీరు దాకా ఉండేవాళ్ళం. అయితే జపనీస్ ప్రతి కాలేజీలోనూ ఉండదు. ఉన్నచోట మామూలుగా జపనీస్ 1, 2, 3, 4 అని వరసగా ఉంటుంది, ఒకటి పాసైతేనే తర్వాతది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కాలేజీ క్యాటలాగ్ వేరు, క్లాస్ షెడ్యూల్ వేరు. క్యాటలాగ్‌లో ఉన్నవి కాలేజీ చెప్పగల కోర్సులు. షెడ్యూల్‌లో ఉన్నవి ఈ టర్మ్‌లో చెప్పబోయే కోర్సులు. జపనీస్ 1కి జనం పోటెత్తుతారు. 2కి వచ్చేసరికి సగం ఖాళీ. 3కి సరిపడా మంది చేరకపోతే క్లాసు మొదలవడానికి కొద్ది రోజుల ముందు కూడా రద్దు చేసేస్తారు. నాకు అదే జరిగింది. మళ్ళీ ఏడాది దాకా ఆ కోర్సు రాలేదు. ఏడాది ఖాళీ అంటే నేర్చుకున్న కాంజీలో (చైనా నుంచి వచ్చిన గుర్తుల లిపిలో) సగం గాలికి పోయినట్టే.

అందుకని చేరకముందే గత రెండేళ్ళ షెడ్యూళ్ళు తీసి చూడండి. కాలేజీ సైట్లో పాత టర్మ్‌లవి సాధారణంగా ఉంటాయి. జపనీస్ 3, 4 ఏ టర్మ్‌లో పెడుతున్నారు, సాయంత్రమా పగలా, ఆన్‌లైనా గదిలోనా అన్నది కాగితం మీద రాసుకోండి. 3వది ఫాల్‌లోనే వస్తుందనుకోండి, మీరు 1వది ఎప్పుడు మొదలుపెట్టాలో వెనక్కి లెక్కేసుకోవచ్చు. దగ్గర్లో ఇంకో కాలేజీ ఉంటే దాని షెడ్యూలు కూడా చూసి పెట్టుకోండి. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. ఒకచోట 1, 2 చదివి ఇంకోచోట 3 చదవడం అక్కడ మామూలే, పాత కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) చూపించి ప్రీరిక్విజిట్, అంటే ముందు పాసవ్వాల్సిన కోర్సు, క్లియర్ చేయించుకుంటే సరి.

రెండో అడుగు: వీసా, రెసిడెన్సీ, ఫీజు

హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు ఎఫ్-1కి (విద్యార్థి వీసాకి) మారకుండానే చదువుకోవచ్చు, ఒక్క క్లాసైనా సరే, పూర్తికాలమైనా సరే. హెచ్-1బి (ఉద్యోగ వీసా) వాళ్ళు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం క్లాసు తీసుకోవచ్చు. వేరే యూనివర్సిటీలో ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు ముందు తమ డీఎస్‌ఓతో (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారితో) మాట్లాడి, ఆ తర్వాతే చేరాలి. పిల్లల దగ్గరికి బి-2 (సందర్శక వీసా) మీద వచ్చిన అమ్మానాన్నలు క్రెడిట్ కోర్సులో చేరకూడదు. కాలక్షేపానికే కదా అని చేర్పించకండి, అది వీసా నిబంధనకు విరుద్ధం.

ఫీజు తేడా అంతా రెసిడెన్సీలోనే ఉంది. కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. జపనీస్ 1 చాలాచోట్ల 5 యూనిట్ల కోర్సు, అంటే 230 డాలర్లు, పైన చిల్లర ఫీజులు. నాన్‌రెసిడెంట్‌కు అదే కోర్సు ఎన్నో రెట్లు పడుతుంది. రెసిడెంట్ అనిపించుకోవాలంటే టర్మ్ మొదలయ్యేనాటికి ఏడాది పైన ఒక రోజు అక్కడ నివసించి ఉండాలి, ఉండిపోవాలన్న ఉద్దేశానికి రుజువులు చూపాలి: ఇంటి అద్దె ఒప్పందం, ఆ రాష్ట్రంలో కట్టిన పన్నులు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి. టెక్సస్‌లో లెక్క వేరు. రాష్ట్రం ఒక్కటే చూడరు, మీ ఇల్లు ఆ కాలేజీ డిస్ట్రిక్టులో ఉందా లేదా అన్నది కూడా ఫీజును మారుస్తుంది.

కాలిఫోర్నియాలో హెచ్-4 వాళ్ళకూ రెసిడెన్సీ వస్తుంది. కానీ దరఖాస్తులో వీసా పేరు చూడగానే సిస్టమ్ నాన్‌రెసిడెంట్ అని వేసేయడం కద్దు. నాకు మొదటి బిల్లు అలాగే వచ్చింది, గుండె ఝల్లుమంది. కంగారుపడి కట్టేయకండి, వదిలేయనూ వద్దు. అడ్మిషన్స్ ఆఫీసులో రెసిడెన్సీ చూసేవాళ్ళు ఎవరో అడిగి, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), వీసా అప్రూవల్ నోటీసు, పైన చెప్పిన కాగితాలు ఇవ్వండి. టర్మ్ మొదలవకముందే తేల్చుకోవాలి, తర్వాత అయితే తలనొప్పి. ఫెడరల్ ఆర్థిక సహాయానికి ఫాఫ్సా అనే దరఖాస్తు ఉందిగా అంటారేమో, అది హెచ్-4, ఎఫ్-1 వాళ్ళకు వర్తించదు. గ్రీన్‌కార్డు ఉంటే నింపొచ్చు.

మూడో అడుగు: సీటు దక్కించుకోవడం

దరఖాస్తు ఆన్‌లైనే, కాలిఫోర్నియాలో సీసీసీఅప్లై అనే సైటు నుంచి, ఉచితంగా. విద్యార్థి నంబరు వచ్చాక రిజిస్ట్రేషన్ తేదీ ఇస్తారు. పాత విద్యార్థులకు ముందు, కొత్తవాళ్ళకు చివర. సాయంత్రం సెక్షన్లు ఇట్టే నిండిపోతాయి. నిండితే వెయిట్‌లిస్టులో పేరు పెట్టి మొదటి రోజు క్లాసుకు వెళ్ళి కూర్చోండి. చేరి కూడా మొదటి రోజు రానివాళ్ళ పేర్లు టీచర్లు తీసేస్తుంటారు. ఆ ఖాళీలు ఎదురుగా కనబడుతున్నవాళ్ళకే పోతాయి. టీచరు యాడ్ కోడ్ (క్లాసులో చేరడానికి అనుమతి నంబరు) ఇస్తే దాని గడువు లోపల నమోదు చేసుకోండి.

గ్రేడు కావాలా, పాస్/నో పాస్ చాలా అని అడుగుతారు. యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే ఆలోచన ఉంటే లెటర్ గ్రేడే తీసుకోండి. కాలిఫోర్నియాలో ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి లెక్కకొస్తుందో అసిస్ట్ అనే సైటులో చూడొచ్చు. సరదాకి చదువుతుంటే పాస్/నో పాస్ హాయి. ఇంకో సంగతి, కాలిఫోర్నియాలో ఒక కోర్సులో సి గానీ ఆపైన గానీ వస్తే మామూలుగా అదే కోర్సు మళ్ళీ తీసుకోనివ్వరు. "ఈసారి ఏదో గట్టెక్కి, తర్వాత మళ్ళీ బాగా చదువుదాం" అన్న పథకం పారదు. మొదటి రెండు మూడు వారాల్లోనే డ్రాప్ గడువు ఉంటుంది, ఆ లోపు మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీద మచ్చ ఉండదు. అది దాటితే డబ్ల్యూ (మధ్యలో మానేశారన్న గుర్తు) పడుతుంది.

సెమిస్టర్ కాలేజీ అయితే పదహారు, పద్దెనిమిది వారాలు. క్వార్టర్ కాలేజీ అయితే పది, పన్నెండు వారాలు. సమ్మర్‌లో అదే పాఠం ఆరు, ఎనిమిది వారాల్లో కుక్కుతారు. జపనీస్ 1 సమ్మర్‌లో తీసుకోవద్దని నా గట్టి సలహా. చరిత్ర పాఠాన్ని రాత్రంతా కూర్చుని బట్టీ కొట్టొచ్చు, లిపిని కొట్టలేం.

హైస్కూలు పిల్లలకు డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ ఉంది, అంటే స్కూల్లో ఉంటూనే కాలేజీ కోర్సు చదవడం. స్కూలు సంతకం, తల్లిదండ్రుల సంతకం కావాలి. ఇందులో వచ్చే గ్రేడు నిజమైన కాలేజీ గ్రేడు, జీవితాంతం ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉండిపోతుంది. యానిమే (జపాన్ కార్టూన్లు) ఇష్టం అన్న ఒక్క కారణంతో పిల్లల్ని అందులోకి తోసేయకండి.

నాలుగో అడుగు: క్లాసుకు ముందు మూడు వారాలు, లిపి

జపనీస్‌లో పలుకును బట్టి రాసే లిపులు రెండు, హిరగాన, కతకాన. హిరగానలో ప్రాథమికంగా 46 అక్షరాలు, కతకానలో 46. క్లాసులో హిరగానకు రెండు వారాలు ఇస్తే గొప్ప. మూడో వారానికి బోర్డు మీద రోమన్ అక్షరాలు మాయమవుతాయి, క్లాసు మానేసేవాళ్ళు ఎక్కువగా మానేసేదీ అప్పుడే. ముందే నేర్చుకుని వెళ్ళండి, రోజుకు అయిదు అక్షరాలు చాలు.

వాటి వరస చూడండి: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టుందా? మన వర్ణమాల వరసే అది. బౌద్ధంతో పాటు వెళ్ళిన సంస్కృత అక్షర క్రమాన్ని బట్టే జపాన్‌లో ఆ పట్టిక కట్టారు. చ ఉండాల్సిన చోట స ఉంది, ప ఉండాల్సిన చోట హ ఉంది. వాళ్ళ హ ఒకప్పుడు ప అని పలికేదే. డిక్షనరీ కూడా ఈ వరసలోనే ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు తడుముకునే చోట మీ వేలు నేరుగా వెళ్తుంది.

ఉచ్చారణలో మనకు దొరికే సుళువులు చిన్నవి కావు. ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే బామ్మ. దీర్ఘం తేడా అంతే. కితె అంటే "వచ్చి", కిత్తె అంటే తపాలా బిళ్ళ. ద్విత్వం తేడా. మా క్లాసులో వారాల తరబడి పిన్నిని బామ్మను చేసినవాళ్ళు ఉన్నారు, తెలుగు నోటికి ఆ ఇబ్బందే లేదు. ౘు అనే అక్షరం కోసం మిగతావాళ్ళు నాలుక మెలిపెట్టుకుంటారు. మనం "చుక్క" అనేటప్పుడు వచ్చే చు అదే, పాత పుస్తకాల్లో చ మీద రెండంకె వేసి చూపించే ౘు. ఇక "న్" అక్షరం అచ్చం మన సున్నాలాంటిది. పక్కన ఏముంటే దాని రంగు పూసుకుంటుంది. శింబున్‌లో "కంప"లోని సున్నా, తెంకిలో "శంఖం"లోని సున్నా.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. ఇంగ్లీషు మాటల్లోని టి, డి లను మనం ట, డ చేస్తాం. ఆ అలవాటు ఇక్కడికి తేకండి. మనం టొయోటా అనే కారు పేరు అక్కడ తొయొత. రెండోది, తెలుగు అజంత భాష కావడంతో ప్రతి మాట చివరా అచ్చు నొక్కుతాం. దెసు అని రాసినా వాళ్ళు పలికేది దాదాపు దెస్. మొదటి రెండు వారాలు ఉచ్చారణ తెలుగు లిపిలో రాసుకోండి, తప్పు లేదు. ఆ తర్వాత మానేయండి, లేకపోతే కన్ను హిరగాన వైపు తిరగదు.

అయిదో అడుగు: పుస్తకం, వారపు లెక్క

చాలా కాలేజీల్లో పాఠ్యపుస్తకం గెంకి. రెండు భాగాలు, 23 పాఠాలు, మొత్తం 317 కాంజీలు. మూడో ఎడిషన్ 2020లో వచ్చింది. టీచరు చెప్పిన ఎడిషనే కొనండి. పాఠ్యపుస్తకం సెకండ్‌హ్యాండ్‌ది చాలు, వర్క్‌బుక్ మాత్రం కొత్తది కావాలి, ఎందుకంటే అందులో రాసి ఇవ్వాలి. కొనే ముందు లైబ్రరీలో రిజర్వు కాపీ ఉందేమో అడగండి.

5 యూనిట్లంటే వారానికి దాదాపు అయిదు గంటలు క్లాసు, బయట పది గంటల చదువు. ఈ పది గంటల మాట నమ్మబుద్ధి కాదు గానీ నిజమే. అంతా శనివారమే కూర్చోవడం కన్నా రోజూ దాదాపు గంటన్నర మేలు. నా పద్ధతి ఇది: పొద్దున ఇరవై నిమిషాలు ఆంకి అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో మాటలు, రాత్రి అరగంట వర్క్‌బుక్, మిగిలిన సమయం పాఠంలోని సంభాషణ ఆడియో పెట్టుకుని గట్టిగా వెంట అనడం. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

టీచర్ల ఆఫీస్ అవర్స్ చాలాసార్లు ఖాళీగా ఉంటాయి. ఫీజులో ఇంతకన్నా విలువైన వస్తువు లేదు. వారానికి పదిహేను నిమిషాలు వెళ్ళి ప్రశ్నలు జపనీస్‌లోనే అడగండి. ట్యూటరింగ్ సెంటరు కూడా చాలా కాలేజీల్లో ఉచితమే.

ఆరో అడుగు: పాఠాన్ని తెలుగులో వినడం

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకు జపనీస్ నేర్పడానికి 2200 క్లాసు గంటలు పడుతుందని లెక్కగట్టింది. అన్ని భాషల్లోకీ కష్టమైన గుంపులో వేసింది. ఆ లెక్క ఇంగ్లీషు నుంచి బయల్దేరినవాళ్ళది. కాంజీ విషయంలో మనకూ ఆ కష్టం తప్పదు. వాక్యం విషయంలో మాత్రం మనం సగం దారిలో నిలబడి ఉన్నాం.

క్రియ చివర వస్తుందని టీచరు వారం పాటు చెప్తారు. మనకు అది వార్తే కాదు. విభక్తి పేరు తర్వాత వస్తుంది: ఒ అంటే ని, కర అంటే నుంచి, మదె అంటే దాకా, మొ అంటే కూడా. "కినో కత్త హొన్" అంటే "నిన్న కొన్న పుస్తకం", ఒక్కో మాటకు ఒక్కో మాట. ఇంగ్లీషులో దీన్ని తిరగేసి చెప్పాలి కాబట్టి పుస్తకం ఓ అధ్యాయమే కేటాయిస్తుంది. "ఇకు తొ ఇత్త" అంటే "వెళ్తాను అని అన్నాడు". తొ అంటే మన "అని". "నిహొంగొ గ వకరిమసు" దగ్గర మా క్లాసులో పెద్ద చర్చే జరిగింది, "ఐ అండర్‌స్టాండ్" అయితే కర్తకు చేరాల్సిన గ, భాషకు (నిహొంగొకు) ఎందుకొచ్చిందని. "జపనీస్ అర్థమవుతుంది" అనుకుంటే చర్చే లేదు.

అసలు పండగ తె-రూపం దగ్గర. తబెతె అంటే తిని, కత్తె అంటే కొని. మన క్త్వార్థకమే. "తబెతె మిమసు" అంటే "తిని చూస్తాను", మిరు అంటే చూడటమే. "కత్తె ఒకిమసు" అంటే "(ముందే) కొని పెట్టుకుంటాను", ఒకు అంటే పెట్టడమే. "తబెతె శిమైమశిత" అంటే "తినేశాను". ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు వాళ్ళనే "ఇత్తె కిమసు" మాట మన "వెళ్ళొస్తా"నే. వెళ్ళి, వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళు బదులు చెప్పేది "ఇత్తెరస్శై", అంటే "వెళ్ళి రండి". ఇంగ్లీషు పుస్తకంలో దీనికి పక్కన నాలుగు లైన్ల వివరణ ఉంటుంది, చదివి నవ్వుకున్నాను.

అలాగని తెలుగును గుడ్డిగా నమ్మితే బోర్లా పడతాం. ఎవరైనా పిలిస్తే మనం "వస్తున్నా" అంటాం. జపనీస్‌లో "వెళ్తున్నా" అనాలి, ఇమ ఇకిమసు. మాట్లాడేవాడు తనున్న చోటు నుంచి కదిలితే అది వెళ్ళడమే. "మీరు" అనాల్సిన ప్రతిచోటా అనత అని పెట్టకండి, ఎదుటివాళ్ళ పేరుకు సన్ చేర్చి పిలవడం మర్యాద. అన్నిటికన్నా పెద్ద బోల్తా నాన్నగారి దగ్గర. మనం బయటివాళ్ళతో "మా నాన్నగారు వచ్చారు" అంటాం, అలా అనకపోతేనే తప్పు. జపనీస్‌లో బయటివాళ్ళ ముందు మన ఇంటివాళ్ళను తగ్గించి చెప్పాలి: మా నాన్న చిచి, మీ నాన్నగారు ఒతోసన్. మొదటి మౌఖిక పరీక్షలో నేను మా నాన్నను ఒతోసన్ అని గౌరవించి అర మార్కు పోగొట్టుకున్నాను. చిచి అనడానికి నోరు రావడానికి ఇంకో నెల పట్టింది. పేరు తర్వాత చేర్చే వ, గ అనే ప్రత్యయాల తేడాకు మాత్రం తెలుగులో సరిసమానం లేదు. "నేనైతే తినను"లోని అయితే కొంతవరకు వ కు దగ్గర. మిగతాది ఉదాహరణలు చూసి చూసి ఒంటబట్టాల్సిందే.

ఏడో అడుగు: కాంజీ

జపాన్‌లో నిత్య వాడుకకు గుర్తించిన కాంజీలు 2136. కమ్యూనిటీ కాలేజీ నాలుగు కోర్సుల్లో వచ్చేవి దాదాపు 300. అందుకని పెద్ద అంకె చూసి బెదరకండి. చాలా గుర్తులను రెండు రకాలుగానో, ఇంకా ఎక్కువ రకాలుగానో పలకాల్సి రావడం చూసి అందరూ గాభరా పడతారు. మనకు నీళ్ళు విడిగా నీళ్ళే, సమాసంలోకి వెళ్తే జలాశయం, జలపాతం. నీళ్ళపాతం అనం. అక్కడా అంతే, విడిగా మిౙు, జంటలో సుఇ. దేశి మాట, తత్సమం అనుకోండి. అందుకే కాంజీని ఒంటరిగా కాకుండా మాటలో పెట్టి నేర్చుకోవాలి. చేత్తో రాయడం పాతకాలం పని అనుకోవద్దు, క్విజ్‌లలో రాయమనే అడుగుతారు. గీతల వరస మొదటి పాఠం నుంచే సరిగ్గా పట్టండి.

ఎనిమిదో అడుగు: నాలుగో కోర్సు వైపు

ఒకటి, రెండు అయ్యేసరికి సంసారం, ఉద్యోగం, పిల్లల పరీక్షలు అడ్డొస్తాయి. 3వది రద్దైతే ఏం చేయాలో మొదటి అడుగులో రాసుకున్న కాగితం బయటికి తీయండి. వేరే కాలేజీలోనూ లేకపోతే పాత క్లాసులోంచి ఇద్దరు ముగ్గురిని పోగేసి వారానికి ఒకసారి కలుసుకుని పుస్తకంలో తర్వాతి పాఠం చదవండి. ఖాళీ పడిన ఏడాదిలో నేను అలాగే నిలదొక్కుకున్నాను.

జెఎల్‌పీటీ (జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష) అమెరికాలో ఏడాదికి ఒక్కసారి, డిసెంబరులో. అన్నిటికన్నా సులువైన ఎన్5 నుంచి కష్టమైన ఎన్1 దాకా అయిదు స్థాయిలు. నాలుగు కోర్సులు శ్రద్ధగా చదివితే ఎన్4 అందుబాటులోకి వస్తుందని నా అంచనా, రెండు అయ్యాక ఎన్5 రాయొచ్చు. అందులో చదవడం, వినడం తప్ప మాట్లాడటం, రాయడం ఉండవు. అందుకని దానికోసం క్లాసును వదలకండి. నమోదు పరీక్షకు కొన్ని నెలల ముందే మొదలై ముగిసిపోతుంది, పైగా పరీక్ష జరిగే నగరాలు కొన్నే. ఫాల్ టర్మ్ మొదలయ్యే రోజుల్లోనే ఆ తేదీ కూడా చూసుకుని, వేరే ఊరికి వెళ్ళాల్సి వస్తే ప్రయాణం అప్పుడే ఖాయం చేసుకోండి.